తోలు కప్పిన మాట

టక్. టకటక్. టక్.

చప్పుడు ముందు వచ్చింది. దుమ్ము తరువాత లేచింది. బండి ఇంకా కనుచూపులోకి రానేలేదు.

గొర్ల దొడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్న గుర్వమ్మ చేతులు ఆగిపోయినవి. ఆమె ఒడిలో తల్లిలేని గొర్రెపిల్ల ఒకటి వణుకుతున్నది. పొద్దున చచ్చిన మరొక పిల్ల తోలును దాని వీపు మీద కప్పి, పొట్ట కింద నారతో ముడి వేస్తున్నదామె. పిల్లను పోగొట్టుకున్న గొర్రె, పాలతో పొదుగు బిగిసి, మూలన నిలబడి అరుస్తున్నది. తన పిల్ల వాసన లేనిదే అది ఏ పిల్లనూ దగ్గరకు రానీయదు. అందుకే ఈ తోలు. వాసన దానిది, ఆకలి దీనిది.

టకటక్. టక్.

ఇరుసు చప్పుడైతే ఆగకుండా వస్తుంది. ఎద్దు మెడలోని గంటైతే అడుగు అడుగుకూ మోగుతుంది. ఇది ఆగి ఆగి, తలచి తలచి, చెక్క మీద ఎవరో వేళ్ళతో వేస్తున్న తాళం. ఎక్కడో విన్నట్టున్నది. ఎక్కడ విన్నదో గుర్తుకు రాలేదు. గుర్తుకు రాకుంటేనే మేలని మనసులో ఏదో మూల అనిపించింది.

పోయిన వారం సంచికలో ఎర్రగట్టుపల్లెను మనము కరువు నోటిముందు విడిచి వచ్చినాము. కోస్గి దిక్కున మబ్బు కనబడి ఏడాది దాటింది. గుట్ట మీది గడ్డి గొర్ల పండ్లకు అందనంత పొట్టిదై, చివరకు మట్టి రంగే మిగిలింది. ఆ సమయాన ఎల్లస్వామి అనే ఏజెంటు వచ్చి, మందలన్నిటినీ ఆత్మకూరుకు అవతల కృష్ణ ఒడ్డు పచ్చికకు తోలుకపోయి, మృగశిర కార్తెకు మళ్ళీ ఊరికి చేరుస్తానన్నాడు. కులపెద్ద బీరన్న సరేనననూ లేదు, కాదననూ లేదు. జవాబు చెప్పవలసిన రోజు ఇదే.

ఇంతలో ఆత్మకూరు దిక్కునుండి గుర్వమ్మ పెద్దమ్మ కూతురు నాగులమ్మ నడిచి వచ్చింది. నిరుడు ఎండాకాలం తమ పల్లె వాళ్ళు ఇట్లనే మందలను అప్పగించినారనీ, మృగశిర వచ్చింది గాని మందలు రాలేదనీ, పటాలం వాళ్ళకు మాంసం చేర్చే గుత్తేదారు దొడ్డిలో తమ గొర్ల చెవి కోతల గుర్తులు చూసినవాళ్ళున్నారనీ చెప్పింది. బీరన్న అంతా విని ఒకటే అడిగినాడు: "మీ ఊరికి వచ్చినోడు గీయననేనా?" కాదన్నది నాగులమ్మ. తమ ఊరికి వచ్చినాయన పొడుగరి, మీసాలవాడు. ఎల్లస్వామి పొట్టి, నున్నని మూతివాడు. "అయితే ఎవడో చేసిన తప్పు గీయన మీద ఎట్ల పెడదుం?" అని బీరన్న లేచిపోయినాడు. కథ అక్కడ ఆగింది.

బీరన్న గుర్వమ్మకు మామ. ఆయన ఒక్కగానొక్క కొడుకు, గుర్వమ్మ పెనిమిటి, షోలాపురం మిల్లులో పని దొరికిందని పోయి ఏడాది అయింది. మనిషి రాలేదు, కబురూ రాలేదు.

"గుర్వా, పిల్లకు పాలు పట్టిచ్చినవా?" దొడ్డి గోడ మీదుగా అత్త భద్రమ్మ తల కనబడింది. "బండి వచ్చిందట. బండారి పళ్ళెం కడగాలె, రా బిడ్డా."

గుర్వమ్మ తోలు కప్పిన పిల్లను గొర్రె దగ్గరకు నెట్టి లేచింది. గొర్రె వాసన చూసింది. తల తిప్పుకున్నది. మళ్ళీ వాసన చూసింది.

*

బీరప్ప గుడి అంటే నాలుగు బండలు, ఒక పైకప్పు బండ. దాని ముందర మందలు మలిపే జాగా. పొద్దు గుట్ట వెనుకకు దిగుతున్నది. బక్కచిక్కిన గొర్లు ఊరికి మళ్ళుతున్నవి. వాటి గిట్టల ధూళిలో మనుషులు మసకగా కూర్చున్నారు. గొంగళ్ళు పరిచి మగవాళ్ళు ఇటు, కొంగులు కప్పి ఆడవాళ్ళు అటు.

గుడి గడప మీద పసుపు పళ్ళెం పెట్టినారు. అదే బండారి, బీరప్ప పసుపు. దానిని పిడికిట పట్టి మాట ఇచ్చిన కురుమవాడు ఆ మాట తిరిగి అడుగడు. బండారి పట్టి ఇచ్చిన మంద, కండ్లముందు కోతకు పోయినా, మళ్ళీ తనది కాదు. బీరన్న పట్టితే ఊరంతా పట్టినట్టే. ఈ ఊళ్ళో మంద తప్ప మరో బతుకు ఎవరికీ లేదు.

గొంగళ్ళు కప్పిన గూడుబండి గోడ వారగా ఆగి ఉన్నది. ఎల్లస్వామి దిగుతూనే దండం పెట్టినాడు. "మా తమ్మునికి చలిజ్వరం, పెద్దయ్యా. బండ్లనే పండనీయుండ్రి. గాలి తగిలితె మంచిది కాదు."

"అయ్యో, అంబలి పంపియ్యనా?" అన్నది భద్రమ్మ.

"వద్దు తల్లీ. ఏది తాగినా నిలుస్తలేదు."

ఆయన చేతిలో రేకు బూర ఉన్నది. ఇంతటి చిన్న ఊరికి బూర అవసరం లేదు. అయినా బూరలోంచి వచ్చిన మాట మనిషి మాటలాగ ఉండదు, సర్కారు మాటలాగ ఉంటుంది. ఎల్లస్వామి దానిని నోటికి ఎత్తి, ఊరంతా నిశ్శబ్దమైన తరువాత, మళ్ళీ కిందికి దించినాడు.

"నేను మీకు చెప్పనీకె రాలే. నాలుగు సంగతులు అడుగనీకె వచ్చిన. గుట్ట మీద గడ్డి ఉన్నదా?"

"ఏడిది?" అన్నారు.

"వాగుల నీళ్ళున్నయా?"

"లేవు."

"గిట్లనే ఇంగో పున్నమ దాటితే, ఈ మంద ఉంటదా?"

ఈసారి తలలు అడ్డంగా ఊగినవి.

గుర్వమ్మ తల ఊగలేదు. ఆ ప్రశ్నలు విన్నంతనే ఆమెకు కోస్గి అంగడి గుర్తుకు వచ్చింది.

పెండ్లయిన కొత్తలో ఆమె పెనిమిటి ఆమెను ప్రతి అంగడికీ తీసుకపోయేవాడు. ఒగ్గుకథల మేళంలో వంత పాడేవాడు ఆయన. అంగడిలో కొనుడు తక్కువ, వినుడు ఎక్కువ. జుట్టుకు నూనె అమ్మేవాడు గొంతెత్తినాడంటే చాలు, ఆమె చేయి పట్టుకొని జనంలోకి దూరేవాడు. ఆమె గంప అంచు మీద వేళ్ళతో తాళం వేస్తూ చెవిలో చెప్పేవాడు.

"చూడు, వాడింగ నూనె పేరే ఎత్తలె. జవాబు తెలిసిన సంగతులే అడుగుతుండు. ఎండ కొడుతుందా, తల కాలుతుందా, జుట్టు రాలుతుందా. మన నోరు ఔను ఔననుడుకు అలవాటు పడ్డదంటే, అసలు సంగతి కాడ కాదనుడు కష్టమైతది."

"మరి నువ్వెందుకు ఔనంటున్నవు?" అని ఆమె నవ్వేది.

"నాకు జుట్టు రాలుతుంది కదనే," అని ఆయనా నవ్వేవాడు.

ఆ నవ్వుల నడుమ ఆమె చాలా నేర్చుకున్నది. బెదిరించిన తరువాతనే మందు చూపుతారని నేర్చుకున్నది. ఉన్నదంతా ఇంతే, అయిపోతున్నదని చెప్పి తొందర పెడతారని నేర్చుకున్నది. జనంలో ముందుగా చేయి చాచేవాడు చాలాసార్లు అమ్మేవాని మనిషే అయి ఉంటాడని నేర్చుకున్నది. అన్నిటికంటె లోతైన పాఠం మాత్రం అంగడిలో కాదు, సొంత దొడ్డిలో నేర్పినాడు. ఒక పిల్లకు తోలు కట్టుతూ అన్నాడు: "మాట సుత గిట్లనే. పరాయి మాటను ఎవలు దగ్గెరికి రానిస్తరు? వినేటోని సొంత మాట తోలు దాని మీద కప్పాలె. గొర్రె తన పిల్లే అనుకొని పాలిస్తది."

"గొర్రెకు తెలిస్తే?"

"తెలిసేసరికి పిల్ల కడుపు నిండుతది."

ఆనాడు ఆ మాట ఆమెకు ముద్దుగా వినబడింది.

*

"మీ మంద నాకియ్యుండ్రి అని నేనడుగుతలేను," అంటున్నాడు ఎల్లస్వామి. గొంతు ఇప్పుడు మెత్తబడింది. "అందరు ఇస్తనన్నా తీసుకపోలేను. ఒడ్డు మీద జాగ తక్కువున్నది. పక్క పల్లెలోళ్ళు రేపు పొద్దుగాల్ల రమ్మన్నరు. పెద్ద బీరన్న మాట విననిదే వాళ్ళకు మాటియ్యనని చెప్పి వచ్చిన. ఆయన బండారి పట్టితె చాలు, నాకు కాయితం వద్దు."

బీరన్న వెన్ను కొంచెం నిటారైంది. మగవాళ్ళలో గుసగుస పాకింది. కురుమయ్య, బీరన్న తమ్ముని కొడుకు, పక్కవాని డొక్కలో పొడిచి, "ఇగ నువ్వు ఆవులిచ్చుకుంట కూసో, జాగంత వాళ్ళకే పోతది," అన్నాడు.

ఒకటి తరువాత ఒకటి. గుర్వమ్మకు అన్నీ తెలిసిన తొవ్వలే. బెదురు అయింది, పొగడ్త అయింది, తొందర అయింది. ఇక మిగిలింది తోలు. ఏ తోలు కప్పుతాడో చూద్దామని ఆమె కొంగు బిగించి కూర్చున్నది. దొంగ చేయి ఏ సందులోకి పోతున్నదో తెలిసిన మనిషికి ఉండే నిబ్బరం ఆమెకు ఆ క్షణాన ఉన్నది. ఆ నిబ్బరం ఎంతోసేపు నిలువలేదు.

ఎల్లస్వామి ఎందుకో తడబడినాడు. నోటికి రావలసిన మాట రాలేదు. బూరను ఒక చేతినుండి మరొక చేతికి మార్చినాడు.

టక్. టకటక్.

బండిలోంచి వచ్చింది. అందరికీ అది జ్వరంలో ఉన్నవాని కదలిక. ఎల్లస్వామికి అది పోగొట్టుకున్న దారం కొస. ఆయన ముఖం తేటపడింది.

"ఒగ ఊరి సంగతి చెప్పుత," అన్నాడు. "ఊరి పేరు వద్దు. కరువుల ఒగ తల్లి. ఆమెకు ఒక్కతే బిడ్డ. జరమొచ్చి నీళ్ళు నీళ్ళని కలవరిస్తుంటె, సంకనేసుకొని వాగుకు పోయింది. వాగు ఎండిపోయింది. ఇసుకల చెలిమె తోడింది. చేతులతోని తోడింది, గోర్లు లేచిపోయేదాక తోడింది. తడి తగల్లే."

టక్.

ఎల్లస్వామి ఆగినాడు. ఊపిరి తీసినంతసేపు ఆగినాడు. గొర్లు కూడా ఆగినట్టే ఉన్నవి.

"అప్పుడా తల్లి ఏం చేసిందో ఎరుకనా? తన చెంపల మీది చెమటను, కన్నీళ్ళను అరచేత తుడుచుకొని, ఆ తడిని బిడ్డ పెదిమలకు రాసింది. నీళ్ళొచ్చినయ్ బిడ్డా, తాగు, అన్నది. బిడ్డ నిజమే అనుకున్నది. నిజమే అనుకొని, అమ్మా, ఉప్పగున్నయే, అన్నది. గదే ఆఖరి మాట."

ఆడవాళ్ళ నడుమ ఎక్కడో ఒక వెక్కు తెగింది. తరువాత మరొకటి. భద్రమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకున్నది. "ఎవలో గని, ఆ తల్లి, ఎట్ల బతికుందో," అన్నది.

గుర్వమ్మ ఏడవలేదు. ఆమె తన అరచేతిని చూసుకున్నది.

తన బిడ్డ వాగులో చనిపోయిందని ఊరందరికీ తెలుసు. ఎత్తుకొని వచ్చింది ఊరందరూ చూసినారు. కరువులో అట్ల పోయిన పిల్లలు ప్రతి ఊళ్ళో ఉన్నారు. కాని చెలిమెలో జరిగింది ఆమె ఎవరికీ చెప్పలేదు. బిడ్డతో ఆడిన ఆఖరి మాట అబద్ధమని ఏ నోటితో చెప్పుకుంటుంది? ఆ సంగతి కడుపులో రాయిలాగ ఉండి ఉండి, ఒకనాడు, పెనిమిటి భుజం మీద నుదురు ఆనించి, ఒక్కసారి చెప్పింది. ఆయన ఆమె వెన్ను మీద వేళ్ళతో, చంటిపిల్లను జోకొట్టినట్టు, మెల్లగా తాళం వేసినాడు.

టక్. టకటక్. టక్.

అప్పుడు తెలిసింది ఆమెకు ఆ చప్పుడు ఎక్కడ విన్నదో.

షోలాపురం లేదు, మిల్లు లేదు. జ్వరం లేదు, తమ్ముడు లేడు. ఏడాదిపాటు ఆమె తొవ్వ చూసిన మనిషి ఇరవై అడుగుల అవతల గొంగళ్ళ చాటున కూర్చొని, ఆమె బిడ్డ ఆఖరి ఊపిరికి తాళం వేస్తున్నాడు. ఆనాడు భుజం మీద ఏడ్చినప్పుడు ఆయన ఓదార్చినాడనుకున్నది. ఓదార్చినాడో, ఎక్కడ ఆపితే ఎంత ఏడుపు వస్తుందో కొలుచుకున్నాడో.

ఆయన దొంగిలించింది గొర్లనైతే ఆమె తట్టుకునేది. బిడ్డ తోలు వొలిచినాడు. వొలిచి, పరాయి పిల్లకు కప్పినాడు. ఊరంతా వాసన చూసి, తనదే అనుకొని, పొదుగు చేపుతున్నది.

దొడ్డిలో గొర్రె అరుపు మానింది. పిల్లను దగ్గరకు రానిచ్చినట్టున్నది.

*

బీరన్న కండ్లు తుడుచుకొని లేచినాడు. తలపాగా సర్దుకున్నాడు. గుడి గడప ముందర వంగి పసుపు పళ్ళెం మీదికి చేయి చాచినాడు.

"అత్తా," అన్నది గుర్వమ్మ, "మామను జర ఆగుమను."

కోడలు మామతో నేరుగా మాట్లాడదు. కొంగు చాటునుండి అత్తకు చెప్పుతుంది, అత్త మగనికి చెప్పుతుంది. భద్రమ్మ తడి కండ్లతోనే తిరిగి, "ఏందయ్యా, కోడలు ఆగుమంటుంది," అన్నది.

"ఏమట?"

"ఇంగొక మనిషి లేవాల్సి ఉన్నదని చెప్పు, అత్తా. ఆయన లేచినంక బండారి పట్టుమను."

కురుమయ్య నవ్వినాడు. "ఎవలు లేవాలె వదినా? బీరప్ప లేచి వస్తడా?"

"మన ఊరోడు కాదు. వెనుక కూసున్నడు," అన్నది గుర్వమ్మ. చేతులు కొంగులో దాచుకున్నది. "లేచి, మా మంద పోయిన ఏడు ఇచ్చిన, రెండింతలై వచ్చింది, అంటడు. దండం పెట్టుకుంట ముందటికి వస్తడు. మొదటి గొర్రె నాదే రాసుకో, అంటడు. ఆయన్ను చూసి మీరందరు లేస్తరు."

తలలన్నీ వెనుకకు తిరిగినవి. అప్పటికే సగం లేచిన మనిషి ఒకడు, కొత్త గొంగడి కప్పుకున్నవాడు, చేతులు దండానికి సగం ఎత్తి, లేవాలో కూర్చోవాలో తెలియక ఆ వంకరలోనే నిలిచిపోయినాడు. తరువాత మెల్లగా కూర్చున్నాడు.

"ఏందన్నా, లేస్తివి, కూసుంటివి?" అన్నాడు కురుమయ్య. "పిక్కలు పట్టినయా?"

"నీళ్ళు తాగొద్దామని."

"నీళ్ళు లేవనే కదన్నా గింతసేపు ఏడ్చింది."

ఎక్కడో ఒక నవ్వు పుట్టి, ధూళిలో పాకి, ఆగిపోయింది. ఎల్లస్వామి కూడా నవ్వినాడు. ఆయన అందరికంటె ఎక్కువసేపు నవ్వినాడు.

"తెలివిగల్ల చెల్లె," అన్నాడు. "అంగట్ల విన్నట్టున్నది. మంచి మాటకు ఒగ తీరు ఉంటే తప్పా? పెండ్లికి పిలిచేటోడు సుత తీరుగనే పిలుస్తడు. గని పెద్దయ్యా, మగడు దేశాల మీద పోయిన ఆడిమనిషికి మనసు నిలకడ ఉండదు. ప్రతి మాటల మోసమే వినబడుతది. పాపం, ఆమె తప్పు కాదు."

ఆ 'పాపం' పనిచేసింది. నవ్విన వాళ్ళే ఆమెను జాలిగా చూసినారు. చెప్పేవాని మాటను కొట్టలేనప్పుడు చెప్పేవానినే కొట్టాలని, కొట్టుడు కూడా జాలి పడుతున్నట్టు కొట్టాలని, గుర్వమ్మకు ఎవరు నేర్పినారో వారే ఎల్లస్వామికీ నేర్పినారు.

అప్పుడు నాగులమ్మ లేచింది. ఇప్పటిదాకా ఆడవాళ్ళ వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న మనిషి.

"చెలిమె తల్లి ముచ్చట మా ఊరికి వచ్చినోడు సుత చెప్పిండు," అన్నది. "అడ్డం నిలువు తేడా లేదు. గోర్లు లేచిపోయేదాక, అన్నడు. ఉప్పగున్నయే, అన్నడు. గక్కడనే ఆగిండు. నేను సుత ఏడ్చిన. ఏడ్చుకుంటనే మా ఇంటాయన చేతుల బండారి పోసిన."

బీరన్న చేయి పళ్ళెం మీద ఆగింది గాని వెనుకకు రాలేదు.

"మీ ఊరికి వచ్చినోడు పొడుగరి అంటివి కదా, బిడ్డా?"

"పొడుగరే."

"మరి గీయన పొట్టి."

"అత్తా, మామకు చెప్పు," అన్నది గుర్వమ్మ. "నోర్లు రెండు. అల్లినోడు ఒగడే. గడ్డి లేదా, నీళ్ళు లేవా అని అడిగిచ్చింది ఒగడే. పెద్ద బీరన్న మాట విననిదే అని పొగిడిచ్చింది ఒగడే. బండారి పడితే మాట తిరగదని పరాయోనికెట్ల తెలుసో అడుగుమను. మన కులం గుట్టు మనోడు చెప్పకుంటె ఎవలు చెప్పిన్రో అడుగుమను."

భద్రమ్మ ఆ మాటలు మగనికి చేర్చలేదు. అవసరం లేకపోయింది. అందరూ విన్నారు. మనోడు అన్న మాట దగ్గర బీరన్న నడుము నిటారుగా లేచింది. పళ్ళెం మీది చేయి పిడికిలి అయింది, పసుపు లేని పిడికిలి.

"మనోడే అయితే," అన్నాడు, "పేరు చెప్పుమను. పేరు లేని తప్పు మీద కులం కూసోదు. పేరు చెప్పితె ఇప్పుడే, ఇక్కడనే, వాని పేరు మీద కుండ పగులగొడత. వాడు నీళ్ళకు పనికిరాడు, నిప్పుకు పనికిరాడు. సచ్చినా మోసేటోడు రాడు. చెప్పకపోతె ఇది ఆడిమనిషి అనుమానం. నేను బండారి పడుత. పొద్దు పొడిచేసరికి మంద కదులుతది."

అన్నీ చెప్పగలిగింది గుర్వమ్మ. అది ఒక్కటి నోటికి రాలేదు.

పెండ్లయిన నాటినుండి ఆ పేరు ఆమె నాలుక మీదికి రాలేదు. పిలువవలసి వస్తే బిడ్డ పేరు మీద పిలిచింది. బిడ్డ పోయినాక 'ఓయ్' అనో, 'వింటున్నవా' అనో అన్నది. మగని పేరు నోట పలికితే మగని ఆయుష్షు తరుగుతుందని అత్త చెప్పింది, అత్తకు ఆమె అత్త చెప్పింది. పోయిన మనిషి ఎక్కడున్నా సల్లగుండాలని ఈ ఏడాది ఆమె ఆ నియమాన్ని మరింత భద్రంగా కాపాడుకున్నది.

"అత్తా," అన్నది మెల్లగా, భద్రమ్మకు మాత్రమే వినబడేటట్టు. "ఆ చెలిమె తల్లిని నేనే."

భద్రమ్మ కండ్లు తుడుచుకుంటున్న చేయి ముఖం మీదనే ఆగింది.

"నేనెవలకూ చెప్పలె అత్తా. నీకు సుత చెప్పలె. ఒక్కనికే చెప్పిన."

ముసలిది కోడలిని చూసింది. బండిని చూసింది. బండి మీది గొంగళ్ళను చూసింది. బండిలోంచి అప్పుడే, ఎల్లస్వామిని ఉద్దేశించి, మెత్తగా, ఒక్కటే దెబ్బ వినబడింది.

టక్.

ఆగుమని. మాట్లాడకుమని. మాట లేని చోట ఎదుటివారే తడబడి కూలుతారని.

తన ఒడిలో పడుకొని, తన గాజుల మీద ఆ వేళ్ళతో తాళం నేర్చుకున్న బిడ్డను ఏ తల్లి గుర్తుపట్టదు? భద్రమ్మ చేయి కోడలి మణికట్టును పట్టుకున్నది. ముసలి చేయి అంత గట్టిగా పట్టగలదని గుర్వమ్మకు అంతవరకు తెలియదు.

"వద్దు బిడ్డా," అన్నది. "కుండ పగులగొడుతడు. నీ మామ అన్నంత పని చేస్తడు. నాకు ఒక్కడే కొడుకు."

"నాకు సుత ఒక్కతే బిడ్డ, అత్తా."

మణికట్టు మీది వేళ్ళు విడలేదు. గుర్వమ్మ వాటిని ఒక్కొక్కటిగా, నొప్పి కలుగకుండా, విప్పింది.

ఎల్లస్వామి బూరను ఛాతీకి ఆనించుకొని, దించిన తలతో, సహనమూర్తిలాగ నిలబడి ఉన్నాడు. నిశ్శబ్దం ఆయన పక్షాన పనిచేస్తున్నది. చూసేవాళ్ళకు నిమిష నిమిషానికి గుర్వమ్మది అనుమానంగానే కనబడుతున్నది. "ఏమాయె మరి?" అని ఎవరో గొణిగినారు. బీరన్న ఒక నిట్టూర్పు విడిచి మళ్ళీ పళ్ళెం వైపు వంగినాడు. వేలి కొసలకు పసుపు అంటింది.

గుర్వమ్మ లేచింది.

ఆడవాళ్ళ నడుమనుండి నడిచింది. మగవాళ్ళు పరచిన గొంగళ్ళ అంచులు దాటింది. మామ ముందర తల మీది కొంగు జారితే సర్దుకోలేదు. బీరన్న ఆశ్చర్యంగా తల ఎత్తినాడు. ఇన్నేండ్లలో కోడలి ముఖాన్ని ఆయన ఇంత దగ్గరనుండి చూడలేదు. ఆమె ఆయన ముందర ఆగలేదు. గోడ వారనున్న గూడుబండి దగ్గరకు పోయి, కప్పిన గొంగళ్ళకు చేయెడు దూరాన నిలబడింది.

లోపల ఎవరో ఊపిరి బిగబట్టినారు. ఆ ఊపిరి ఆమెకు తెలుసు.

కోస్గి అంగడిలో, గంప అంచు మీద తాళం వేస్తూ, ఆయన ఇంకొక సంగతి కూడా నేర్పినాడు. ఎక్కడ చప్పుడు లేదో అక్కడ పడిన మాట, బండ మీద ఉలి గీతలాగ ఉండిపోతుందన్నాడు. ఎవరైనా ఆ నిశ్శబ్దాన్ని నీ కోసం ఆపి పెట్టితే, అందులో నీ మాట వెయ్యమన్నాడు.

ఆయన ఆపి పెట్టినాడు. ఊరంతా చెవి అయి కూర్చున్నది. వెనుక భద్రమ్మ రెండు చేతులతో చెవులు మూసుకున్నది.

లోపలి వేళ్ళు చెక్కను తాకినవి. టక్, అని మొదలుపెట్టి, రెండవ దెబ్బ వేయలేక నిలిచిపోయినవి.

గుర్వమ్మ చేయి ఎత్తి, అదే చెక్క మీద, మిగిలిన తాళం తాను వేసింది. తరువాత నోరు తెరిచి, పెండ్లయిన నాటినుండి ఆమె ఎన్నడూ పలుకని పేరును, బూర అవసరం లేకుండా, ఊరి చివరి గొర్రె దాకా వినబడేటట్టు పిలిచింది.

"ఐలేశం."